అదురుబల్ల: తొమ్మిదో జాబితా

కృపావతి గారు బల్లసొరుగులోంచి లక్క వేసిన కవరు పైకి తీయడంతో కిందటి వారం కథ ఆగింది. ఆ లక్క పగిలేలోగా, అసలు అది వేయవలసిన అవసరం ఎందుకు వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పుకోవడం న్యాయం.

ఒక కంపెనీ ఏజెంటు అమలాపురంలో కల్యాణమండపం అద్దెకు తీసుకుని, ఒళ్ళంతా అదిరించే బల్ల ఒకటి ప్రదర్శనకు పెట్టాడు. రోజుకు పది నిమిషాలు దానిమీద నిలబడితే ముసలితనపు మతిమరుపు మాయమైపోతుందని అతని వాగ్దానం. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన సోమేశ్వరరావు గారు, ఎముకలకూ కండరాలకూ మేలు చేస్తే చేయవచ్చుననీ, మెదడు సంగతి మాత్రం ఇంకా ఎవరికీ తేలలేదనీ సభలో లేచి చెప్పారు. అక్కడితో ఊరుకోక తామే పరీక్షించి తేలుస్తామన్నారు. ఆయన పాత శిష్యుడు సుబ్బరాజుకు కాలువగట్టు మీద మూతపడిన రైసుమిల్లు ఉంది. ధాన్యం చెరిగే జల్లెడల మోటార్లు విప్పి అతను రెండు బల్లలు తయారుచేశాడు. ఒకదాని ఇరుసుకు పెద్ద బరువు, రెండోదానికి చిన్న బరువు. మొదటిది మనిషిని నడినెత్తి దాకా అదిరిస్తుంది; రెండోది అరికాళ్ళకు చక్కిలిగిలి పెట్టి ఊరుకుంటుంది.

పన్నెండుమంది వృద్ధులు చేరారు. చీట్లు తీసి ఆరుగురిని ఒకదానికీ, ఆరుగురిని ఇంకోదానికీ పంచారు. రోజూ మిల్లుకు వచ్చి ఎవరి బల్ల మీద వారు పది నిమిషాలు నిలబడాలి. ఎవరు దేనిమీద నిలబడుతున్నారో వెనక గదిలో బల్లలు నడిపే రిటైర్డ్ నర్సు కృపావతి గారికే తెలియాలి. సోమేశ్వరరావు గారికి తెలియకూడదు. ఆయన పని ముందు వసారాలో. ప్రతి సోమవారం పదిహేను మాటల జాబితా చదివి, ఇరవై నిమిషాలు ఆగి, ఎన్ని గుర్తున్నాయో ఒక్కొక్కరినీ విడిగా అడిగి రాసుకోవాలి. ఎనిమిది సోమవారాలకు ఎనిమిది జాబితాలు.

ఆ పన్నెండుమందిలో ఆయన భార్య సీతారత్నం గారు ఒకరు. ఊరికి చెప్పిన కారణం శాస్త్రం. ఎవరికీ చెప్పని కారణం ఆవిడ. ఏడాదిగా ఆవిడ ఒక్కొక్క సంగతే జారవిడుచుకుంటున్నదని ఆయన బెంగ. బల్ల వట్టిదని తేలితే హేతువాదిగా ఆయన గెలిచినట్టు. కానీ ఆ గెలుపుతో ఇంటికి వెళ్ళి ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు.

2009వ సంవత్సరం మార్చి నెల, ఎనిమిదో సోమవారం. కవరు విప్పే రోజని ఆటోను ఎనిమిది గంటలకే రమ్మన్నారు. స్టౌ మీద పాలు పొంగుకు రాకముందే ఆటోవాడు హారను కొట్టడం, కళ్ళజోడు ఒకచోటా నోటుపుస్తకం ఒకచోటా దొరకడం, మొత్తానికి దంపతులు మిల్లుకు చేరేసరికి అందరూ వచ్చి కూర్చున్నారు. ఆఖరి పరీక్ష పూర్తయ్యేసరికి పదిన్నర అయింది. అప్పుడు కృపావతి గారు లక్క పగలగొట్టి పేర్లు చదివారు. సోమేశ్వరరావు గారు ఆ పేర్ల పక్కన తమ అంకెలు వేసుకుని, కూడి, భాగించి, మళ్ళీ కూడారు.

పెద్ద అదురు బల్లవారు: మొదటి సోమవారం సగటున అయిదు మాటలు, ఇవాళ పధ్నాలుగు.

చిన్న అదురు బల్లవారు: మొదటి సోమవారం అయిదు, ఇవాళ పధ్నాలుగు.

ఆయన కలం కింద పెట్టారు.

రెండూ పనిచేయకపోతే అర్థముంది. పెద్దది పనిచేసి చిన్నది చేయకపోయినా అర్థముంది. రెండూ ఒక్కలాగే, ఇంత అన్యాయంగా పనిచేయడమేమిటి? డెబ్భై దాటిన మనిషి జ్ఞాపకం ఎనిమిది వారాల్లో మూడింతలు కావడమేమిటి? చిన్న అదురే మెదడుకు చాలునా? లేక రోజూ నలుగురిలోకి రావడం, కబుర్లు, మధ్యలో కృపావతి గారిచ్చే అల్లం టీ ఈ పని చేశాయా? అలవాటు కొద్దీ మార్కులు పెరుగుతాయని ఆయనకు తెలియకపోలేదు. ఆ దొంగదారి మూయడానికే కదా నెలరోజులు కూర్చుని ఎనిమిది వేరువేరు జాబితాలు కట్టింది.

సుబ్బరాజు మాత్రం పొంగిపోతున్నాడు. చిన్న బరువుతోనే పని జరిగిపోతోందంటే కరెంటు ఎంత కలిసివస్తుందో అవతల ఎవరికో వివరిస్తున్నాడు. సీతారత్నం గారు గోడవారన బెంచీ మీద కూర్చుని, చీరకొంగు అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నారు. ఆవిడది చిన్న అదురు బల్ల. నాలుగు మాటల నుంచి పధ్నాలుగు. ఆ అంకె చూసినప్పుడు సోమేశ్వరరావు గారి గుండె ఒక్క గెంతు గెంతిన మాట నిజం. మరుక్షణమే ఆయన దాన్ని అనుమానించారు. సంతోషం కలిగించే అంకెను రెండోసారి చూడాలన్నది ఆయన జన్మంతా పాటించిన నియమం.

అందరికంటె ఎక్కువగా పెరిగినవాడు పోలయ్య. యానాం రేవులో ముప్ఫై ఏళ్ళు లాంచీ సరంగుగా చేసి, వంతెన కట్టాక ఒడ్డున పడ్డ మనిషి. మురమళ్ళ నుంచి బస్సులో వస్తాడు. మూడు మాటల నుంచి పదిహేనుకు ఎక్కాడు. సోమేశ్వరరావు గారు కుర్చీ అతని ఎదుటికి జరుపుకున్నారు.

"పోలయ్య గారూ, మొదటిసారి మూడే చెప్పారు. ఇవాళ పదిహేనూ చెప్పారు. ఎలా?"

"తమరి దయండి."

"నా దయకు మీ మెదడులో చోటు లేదు. గుర్తుపెట్టుకోవడానికి ఏం చేశారో చెప్పండి, రాసుకుంటాను."

పోలయ్య భుజం మీది తువ్వాలు రెండో భుజానికి మార్చుకున్నాడు. "సేసిందేముందండి. లాంచీ తోలినన్నాళ్ళూ ఇసక మేట ఎక్కడుందో నేనేమన్నా రాసుకున్నానాండి. రోజూ అదే దారి. కళ్ళు మూసుకున్నా వచ్చేస్తాదండి. ఇదీ అంతే కదండీ. కత్తిపీట, గొడుగు, తెడ్డు, నెమలి, గడప..."

"ఆగండి. వారం వారం దారి మారింది కదా?"

పోలయ్య, మేట తగిలిన సరంగు ఇంజను ఆపినట్టుగా ఆగాడు. అతని చూపు సోమేశ్వరరావు గారిని దాటి, గోడవారన బెంచీ మీదికి వెళ్ళి అక్కడ నిలిచింది.

"తక్కినవి చెప్పండి," అన్నారు సోమేశ్వరరావు గారు.

పోలయ్య కళ్ళు మూసుకుని, ఎక్కడా తడబడకుండా, ఉప్పు మీదుగా సైకిలు మీదుగా కంబళి మీదుగా పోయి తాళంకప్ప దగ్గర ఆగాడు. పదిహేను. సోమేశ్వరరావు గారు నోటుపుస్తకం తీసి చూశారు. అది మొదటి జాబితా. ఫిబ్రవరి మొదటివారంలో చదివిన జాబితా. ఇవాళ చదివింది ఎనిమిదోది, 'ఉట్టి'తో మొదలవుతుంది. దాని నెత్తిమీద ఇవాళ్టి తేదీ, పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు. ఆయన పేజీలు వెనక్కి తిప్పారు. ఏడో జాబితాకు టిక్కు, ఆరోదానికి టిక్కు. ఎనిమిది పేజీలు, ఎనిమిది తేదీలు, ఎనిమిది టిక్కులు, అన్నీ తమ చేతివే.

ఆయన లేచి నిలబడి, క్లాసులో ప్రశ్న వేసే గొంతుతోనే వసారా అంతటినీ అడిగారు. "ఉట్టి అన్న మాట నా నోట ఇవాళ విన్నవాళ్ళు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. కొందరు చేతులు ఒళ్ళో మరింత కిందికి దాచుకున్నారు.

"కత్తిపీట అన్న మాట?"

ఎవరూ ఎత్తదలచుకోలేదు. కానీ అడిగినదానికి అబద్ధం చెప్పడం కూడా ఆ మనుషులకు చేతకాదు. ఒకటొకటిగా పన్నెండు చేతులు లేచాయి. పన్నెండోది సీతారత్నం గారిది.

కోనసీమ మర్యాద గురించి బయటి జిల్లాలవాళ్ళకు ఒక వేళాకోళం ఉంది. ఎదుటివాడి పంచె అంచుకు నిప్పంటుకున్నా, "తమరికి అభ్యంతరం లేకపోతే ఒక్క మాటండి" అని మొదలుపెడతారట. ఆ వేళాకోళానికి సోమేశ్వరరావు గారు ఎన్నోసార్లు నవ్వారు. ఇప్పుడు సుబ్బరాజు తలవంచుకుని చెబుతున్న సంగతి వింటుంటే ఆయనకు నవ్వు రాలేదు. రెండో సోమవారం అదే జాబితా చదివితే పరీక్షలో అదొక పద్ధతి కాబోలనుకున్నారట. మూడో వారం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారట. నాలుగో వారం ఎవరు చెప్పాలన్నదాని మీద వంతులు పడి, మీరు పెద్దవారు మీరు చెప్పండంటే మీకు చనువుంది మీరు చెప్పండని ఒకరినొకరు బతిమాలుకున్నారట. వెనక గదిలో ఉండే కృపావతి గారికి మాత్రం ఈ సంగతి అందలేదు. ఆవిడ నోరు తెరుచుకుని వింటున్నారు.

"నీకు తెలిసి కూడా, సుబ్బరాజూ?"

"తెలుసండి. కానీ మా చిన్నప్పుడు కూడా ఒకే లెక్క మూడుసార్లు చేయించేవారు కదండీ మీరు. ఏదో ఉద్దేశం ఉంటుందనుకున్నాను." అతను గుమ్మంలోని తన చెప్పుల వైపు చూశాడు. "అనుకోలేదండి. అలా అనుకుంటే బాగుంటుందనుకున్నాను. మొహం మీద ఎలా చెప్పమంటారండి, మాస్టారూ."

సోమేశ్వరరావు గారు కూర్చున్నారు. ఎనిమిది టిక్కులు ఒకవైపు, పన్నెండుమంది సాక్షులు ఒకవైపు. ఇదే తగవు మరెవరిదైనా అయితే ఆయన ఒక్క నిమిషంలో తీర్పు చెప్పేవారు: రాతకు విలువ ఇవ్వండి, గుంపు జ్ఞాపకాన్ని నమ్మకండి. కానీ ఆ టిక్కు పెట్టినది చదివాకనా, చదవడానికి ముందు ఇంటి దగ్గరనా? జ్ఞాపకం తెచ్చుకోవడానికి ప్రయత్నించారు. ఎర్ర పెన్సిలు కనిపించింది; దాన్ని పట్టుకున్న చెయ్యి కనిపించింది; ఆ చేతి కింద ఉన్నది ఇంటి మేజానో, మిల్లు బల్లో ఎంతకూ కనిపించలేదు.

"వాళ్ళననకండి," అన్నారు సీతారత్నం గారు. బెంచీ మీంచి లేచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. "నాలుగో వారం అందరూ కలిసి నా దగ్గరికి వచ్చేరు. మీకు నేను చెప్పుకుంటానన్నాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్పేను."

"ఎప్పుడు?"

"ఆ సాయంత్రమే. మీరు గులాబి మొక్కకు మన్ను సర్దుతున్నారు. 'ఏమండీ, జాబితా మారడం లేదుటండీ' అన్నాను. 'సరే, చూసుకుంటాను' అన్నారు."

"నువ్వు నాకు చెప్పలేదు, రత్నం."

"చెప్పేను."

ఇది వాళ్ళింట్లో ఏడాదిగా నడుస్తున్న సంభాషణ. రామచంద్రపురం పెళ్ళికి వెళ్ళాలని తనతో అనలేదని ఆయన. మూడుసార్లు అన్నానని ఆవిడ. పంపు బాగుచేసేవాణ్ణి పిలవనే లేదని ఆయన. వచ్చి బాగుచేసి వెళ్ళాడని ఆవిడ. జరిగిన ప్రతిసారీ ఆయన నొచ్చుకుని, వాదన మానేసి, మనసులో ఆవిడ పేరు కింద ఒక గీత గీసుకుంటూ వచ్చారు. ఇప్పుడా గీతలన్నీ ఆయన కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాయి. చెప్పవలసినవాళ్ళు చెప్పడం మరిచిపోయినా, విన్నవాళ్ళు వినడం మరిచిపోయినా గీత ఒక్కలాగే పడుతుంది. చూడగానే తెలియవలసిన ఈ సంగతి ఏడాదిపాటు తనకు తట్టలేదంటే, అది తన మీద తనకున్న మమకారమా, లేక ఆ తట్టకపోవడం కూడా జబ్బులో భాగమేనా?

"అయితే నీకేం లేదన్నమాట," అన్నారు ఆయన నెమ్మదిగా. "అంతా నాదేనన్నమాట."

అదే నిజమని ఆవిడ ఒప్పుకుంటే ఆయనకు ఒక విధంగా ఊరటగా ఉండేది. ఎటైనా ఒకవైపు ఒడ్డు దొరికేది. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"మొదటి వారం నాలుగే చెప్పేను చూడండి. ఆ నాలుగూ దొంగ నాలుగు కాదండి. ఎంత వెతుక్కున్నా అయిదోది రాలేదు. ఆ భయంతోనే మీరేం చేయమంటే అది చేస్తూ వచ్చేను." ఆవిడ గొంతు తగ్గించారు గానీ వసారాలో ఆ మాట వినపడనివాళ్ళు లేరు. "గులాబి మొక్క దగ్గర మీతో చెప్పేననే అనుకుంటున్నాను. ఒకవేళ చెబుదామని మనసులో అనుకుని, చెప్పేశానని అనుకుంటున్నానేమో. అదీ తెలీడం లేదు."

సోమేశ్వరరావు గారు ఉన్న సాక్ష్యాలను లెక్కలా పేర్చుకున్నారు. ఆవిడ మాటకు సాక్ష్యం ఆయన. ఆయన మాటకు సాక్ష్యం ఆవిడ. ఇద్దరి సాక్ష్యమూ చెల్లదు. అటువంటి లెక్కలో ఏ ఒక్కదానికైనా విలువ బయటినుంచి రావాలి. ఆయన ఈ ఆలోచనలో ఉండగానే కృపావతి గారు గోడకున్న క్యాలెండరులోంచి ఫిబ్రవరి కాగితం చింపారు. ముప్ఫై అయిదేళ్ళు వార్డుల్లో పనిచేసిన మనిషి. రోగి ఎవరన్నది తేలనప్పుడు ఇద్దరికీ జ్వరం చూడడం ఆవిడ పద్ధతి.

"మాస్టారూ, మీ జాబితాలు పక్కన పెట్టండి. ఇది నాది. తొమ్మిదోది. ఇద్దరూ ఇక్కడ కూర్చోండి," అంటూ కాగితం వెనక పదిహేను మాటలు రాసి, గంజి పోసినట్టు నిదానంగా, ఒక్కసారే చదివారు. కొబ్బరిపీచు. మావిడితాండ్ర. గాజు. పడవ. చుక్క. దువ్వెన. తక్కినవి. ఉత్తినే కూర్చుంటే లోలోపల వల్లించుకుంటారు కనుక ఇరవై నిమిషాలూ బల్లలెక్కి నిలబడాలన్నారు. పది నిమిషాలకు బల్లలు మార్చుకోవాలన్నారు.

ఎనిమిది వారాల్లో సోమేశ్వరరావు గారు ఆ బల్ల ఎక్కడం అదే మొదలు. పెద్దదాని మీద ఆయన, చిన్నదాని మీద ఆవిడ. సుబ్బరాజు స్విచ్చి వేశాడు. అదురు అరికాళ్ళలో పుట్టి, మోకాళ్ళెక్కి, పళ్ళలోకి వచ్చింది. ముక్కు కొస దురద పుట్టింది. మిల్లు స్తంభాలు ఒక్కొక్కటి రెండుగా కనబడ్డాయి. ఆయన కొబ్బరిపీచును పట్టుకున్నారు, మావిడితాండ్రను పట్టుకున్నారు. మూడోదాని కోసం చెయ్యి చాచగానే కత్తిపీట దానంతటది వచ్చి దొరికింది. దాన్ని అవతలికి నెట్టారు. గొడుగు వచ్చింది. మిల్లులో ఒకప్పుడు ఇదే మోటారు ధాన్యాన్నీ తాలునూ వేరుచేసేది. ఇప్పుడు తన తలలో రెంటినీ కలిపేస్తున్నట్టుంది. ఇది అదురు వల్లనా, వయసు వల్లనా, కేవలం భయం వల్లనా? వేరుచేసి చూసే మార్గం ఆయనకు తోచలేదు.

పక్క బల్ల మీద సీతారత్నం గారు కళ్ళజోడు ముక్కుమీదికి జారిపోతుంటే వేలితో తోసుకుంటున్నారు. ఆయన చూడడం చూసి, చదువుకునే పిల్ల పక్కవాణ్ణి తన పలక చూడవద్దన్నట్టు అటు తిరిగిపోయారు. ఆ క్షణంలో ఆయనకు ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తెలిసింది. తన పదిహేను ఏమైపోయినా సరే, ఆవిడకు పదిహేనూ రావాలని ఆయన కోరుకుంటున్నారు. ఆవిడ కూడా తన విషయంలో అదే కోరుకుంటూ ఉంటుందని అనుకున్నారు. దానికి మాత్రం రుజువు అడగబుద్ధి కాలేదు.

మోటార్లు ఆగాయి. ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చి, ఒకరికొకరు వీపు పెట్టి కూర్చోమన్నారు. ఆయన కలం చాలాసేపు ఆడింది. ఆవిడ కలం కూడా ఆడింది. పన్నెండు గంటలు కావస్తున్నా ఎవరూ ఇంటికి బయలుదేరలేదు. బస్సు వేళ దాటిపోయినా పోలయ్య ఆ మాట ఎత్తలేదు.

కృపావతి గారు రెండు కాగితాలూ తీసుకుని వెలుతురులోకి వెళ్ళారు. మొదటిది చదివారు. రెండోది చదివారు. రెంటినీ పక్కపక్కన పట్టుకుని తమ క్యాలెండరు కాగితంతో పోల్చారు. మళ్ళీ మొదటిది తీసుకున్నారు. మార్కులు వేయడానికి పట్టిన పెన్సిలు అలాగే చేతిలో ఉండిపోయింది. ఆవిడ మొహంలో ఏమున్నదో చదవడానికి సోమేశ్వరరావు గారు ప్రయత్నించారు గానీ, ఎదురు వెలుతురులో ఏమీ తెలియలేదు.

"ఎన్ని?" అన్నారు ఆయన.

ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకోకుండా చేత్తోనే పట్టుకున్నారు. "మార్కులు ఎక్కడికీ పోవు, మాస్టారూ. ముందు ఇది చెప్పండి. పొద్దున్న బయలుదేరేటప్పుడు ఇంట్లో గ్యాసు కట్టేసిందెవరండీ?"

"రత్నం," అన్నారు సోమేశ్వరరావు గారు.

"ఆయన," అన్నారు సీతారత్నం గారు.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎనిమిది వారాల్లో మొదటిసారిగా, ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరినీ ఏమీ అనుకోవద్దనకుండా, సుబ్బరాజు గుమ్మంలోని చెప్పులైనా వేసుకోకుండా మోటారుసైకిలు వైపు పరుగుతీశాడు.